ఆరితేగాని తెలియని రంగు

మీలో రంగుల పెట్టె ఎరగనివారు ఉండరు. గుండ్రటి రంగుబిళ్ళలు, ఒక చిన్న కుంచె, పక్కన గ్లాసులో నీళ్ళు, ఇంతే గదా! ఆ రంగులతో మీరొక మామిడిచెట్టు వేశారనుకోండి. అది బాగా ఆరింది. ఇప్పుడు తడివేలితో ఆకుల మీద రుద్దండి. పచ్చరంగు వేలికి అంటుకుంటుంది, బొమ్మ కాస్తా అలుక్కుపోతుంది.

అలా కాక, తడిగా ఉన్నంతసేపూ నీటిలో కలుస్తూ, ఒకసారి ఆరిందంటే ఎన్ని నీళ్ళు పోసినా కదలని రంగు ఒకటి ఉన్నది. దాని పేరు ఆక్రిలిక్. నేను విశాఖపట్నంలో చిత్రలేఖనం చదువుకుంటున్నాను. మూడేళ్ళుగా ఎక్కువ బొమ్మలు ఈ రంగుతోనే వేస్తున్నాను. అది నా చేత ఎటువంటి తప్పు చేయించిందో, ఆ తప్పు వల్ల నేనేం తెలుసుకున్నానో మీకు చెబుతాను. అయితే ముందు ఆ రంగు స్వభావం కాస్త తెలియాలి.

ఏ రంగులోనైనా ముఖ్యమైనవి రెండు ఉంటాయి. ఒకటి, రంగునిచ్చే పొడి. రెండోది, ఆ పొడిని కాగితానికో బట్టకో పట్టి ఉంచే పదార్థం. మీ పెట్టెలోని రంగుబిళ్ళలలో సాధారణంగా తుమ్మజాతి చెట్ల బంక వంటి జిగురు ఉంటుంది. అది ఆరినా సరే, నీరు తగిలితే మళ్ళీ కరుగుతుంది. తైలవర్ణాలలో రంగుపొడిని అవిసెనూనెతో నూరుతారు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడాలి. అందుకు రోజులు పడుతుంది; మందంగా పూస్తే నెలలు కూడా పట్టవచ్చు.

ఆక్రిలిక్ సంగతి వేరు. ఇందులో రంగుపొడిని పట్టి ఉంచేది ఒక జాతి ప్లాస్టిక్కు. పాలలో వెన్న ఎలా సన్నని నలుసులుగా తేలుతూ ఉంటుందో, ఈ ప్లాస్టిక్కు కూడా అలాగే కంటికి ఆననంత చిన్న నలుసులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. నీరు ఆవిరి అయ్యేకొద్దీ ఆ నలుసులు దగ్గరపడి, ఒకదానినొకటి ఒత్తుకుని, చివరకు కలిసిపోయి ఒకే పొర అవుతాయి. ఆ పొరలో రంగుపొడి చిక్కుకుపోతుంది. ఇక నీరు దాన్ని విడదీయలేదు.

ఇంకొక చిత్రం ఉన్నది. దాన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక గాజుపలక మీద కాస్త ఫెవికాల్ పలచగా పుయ్యండి. తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది. ఆరిన తరువాత చూడండి: తెలుపు మాయమై గాజులాగే కనిపిస్తుంది. ఆక్రిలిక్‌లోని ప్లాస్టిక్కు కూడా ఇంతే. తడిలో పాలలాగా తెల్లగా ఉంటుంది, ఆరితే ఆ తెలుపు పోతుంది. అంటే తడిరంగులో మనకు తెలియకుండానే చుక్కంత తెలుపు కలిసి ఉన్నదన్నమాట! ఆరగానే ఆ తెలుపు పోయి రంగు కాస్త ముదురుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నా కథంతా దీనివల్లనే వచ్చింది.

ఈ రంగు పాతదేమీ కాదు. జర్మనీలో ఓటో రోమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 20వ శతాబ్దం మొదట్లో ఈ జాతి పదార్థాలను గురించి పరిశోధన చేశాడు. 1940ల చివర అమెరికాలో చిత్రకారుల కోసం ఆక్రిలిక్ రంగులు తయారైనాయి. కాని వాటిని పలచన చెయ్యటానికి టర్పెంటైను వంటివి కావలసి వచ్చేవి. నీటితో కలుపుకునే ఆక్రిలిక్ రంగులు 1950ల నడుమ వచ్చాయి. వాటిని తెచ్చినవాడు హెన్రీ లెవిసన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు. ఆ రంగులకు లిక్విటెక్స్ అని పేరు పెట్టాడు.

మాది రాజమహేంద్రవరం. మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావుగారు 1925లో, తన 28వ ఏట మరణించారు. ఆయన నీటిరంగులతోను, తైలవర్ణాలతోను వేసిన చిత్రాలు మా ఊళ్ళో ఆయన పేరు మీద ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. ఈ రంగు పుట్టేనాటికి ఆయన పోయి ముప్పై ఏళ్ళు కావచ్చింది. నా చిన్నతనంలో మా తాతయ్య నన్ను ఆ చిత్రశాలకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు. ఒక్కొక్క బొమ్మ ముందు చాలాసేపు నిలబడేవాడు. నాకు కాళ్ళు నొప్పి పుట్టేవి.

మా తాతయ్య బోర్డులు రాసే ఆర్టిస్టు. కిరాణాకొట్లు, సైకిలు షాపులు, మందుల దుకాణాలు, సినిమా బొమ్మలు, ఎన్నికల గోడలు, ఏదైనా ఎనామిల్ రంగుతో రాసేవాడు. చెయ్యి ఆనించుకోవటానికి ఆయన దగ్గర ఒక సన్నని కర్ర ఉండేది. దాని కొసకు గుడ్డ ఉండ చుట్టి ఉండేది. 2000 సంవత్సరం దాటిన తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. తాతయ్య మూడు రోజులు రాసే బోర్డును మిషను గంటలో అచ్చువేసి ఇచ్చేది. ఒక్కొక్కరే రావటం మానేశారు. చివరకు ఆయన రంగుడబ్బాలు అటకెక్కించాడు. ఈమధ్య చేతులకు వణుకు కూడా వచ్చింది.

ఊరందరి పేర్లూ, ఎందరి ముఖాలో వేసిన మనిషికి, తన బొమ్మంటూ ఒకటి లేదు! అందుకని కిందటేడు పరీక్షకు ఎవరిదైనా ఒక ముఖచిత్రం వెయ్యమన్నప్పుడు, నేను తాతయ్యనే వేస్తానన్నాను. చిత్రం అప్పగించటానికి ఆరు రోజుల గడువు ఉండగా సెలవు పెట్టి ఇంటికి వచ్చాను.

రంగుకన్న ముందు బట్టను సిద్ధం చెయ్యాలి. ఉత్త బట్ట మీద రంగు వేస్తే అది పీల్చేస్తుంది. అందుకని గెస్సో అనే తెల్లటి పూత పూస్తారు. ఇది మనవాళ్ళకు కొత్త కాదు. తెలంగాణలో చేర్యాల పటాలు వేసే నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూసేవారు. పేరు వేరైనా పని ఒకటే. నేను గెస్సో రెండుసార్లు పూసి, ఆరబెట్టి, పెన్సిలుతో గీత గీసుకున్నాను. తాతయ్య తన పాత బోర్డు పక్కన కూర్చుని ఉన్నట్టు.

ఆయన్ని గంటలకొద్దీ కూర్చోబెట్టటం దేనికని ఫోనులో ఫొటో తీసుకుని, రాత్రి దీపం కింద దాన్ని చూస్తూ ముఖానికి రంగు కలిపాను. అచ్చు ఆయన రంగే కుదిరింది! సంతోషంగా పూసి పడుకున్నాను.

తెల్లవారి చూద్దును గదా, ముఖమంతా ముదిరి మట్టిరంగైంది. ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకూ తెలుసు, పుస్తకంలో చదివాను. కాని చదవటం వేరు, కుంచె పట్టుకున్నప్పుడు గుర్తుండటం వేరు. గాభరాపడి తెలుపు కలిపి మళ్ళీ పూశాను. తెలుపు ఎక్కువైంది. ఈసారి ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. దాని మీద ఎరుపు, ఆ పైన పసుపు. ఆరిపోయిన రంగు పక్కన తడిరంగు పెట్టి, రెండూ కలిశాయని సంబరపడటం. అరగంటకు మళ్ళీ వేరుపడిపోవటం! మూడు రోజులు గడిచాయి. అయిదు పూతలు పడ్డాయి. కుంచె గీతలు గట్లుగట్లుగా లేచాయి. కళ్ళు ఎక్కడ ఉన్నాయో నాకే తెలియలేదు.

నేను ఆ బట్టను చట్రం నుంచి ఊడదీస్తూ ఉంటే తాతయ్య వచ్చాడు.

"ఏం చేస్తున్నావే అమ్మడూ?" అన్నాడు.

"పాడైపోయింది తాతయ్యా. ఇంక బాగుపడదు," అన్నాను. ఏడుపొచ్చింది.

ఆయన బొమ్మకేసి చాలాసేపు చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వు తడిరంగును చూసి తీర్పు చెప్తున్నావు," అన్నాడు. "మేము పాత తలుపుకు రంగు కలపాల్సివస్తే, ఓ మూల చుక్క పెట్టి ఇంటికి పోయేవాళ్ళం. మర్నాడు ఆరినాక చూసి అప్పుడు డబ్బా కలిపేవాళ్ళం. నీ రంగు ఎంతసేపట్లో ఆరుతుంది?"

"పలచగా పెడితే పావుగంట."

"పావుగంట ఆగలేక మూడు రోజులు పోగొట్టావన్నమాట! సరే, ఆ గట్లు అరగదియ్యి."

అటక మీదినుంచి ఉప్పుకాగితం తీయించాడు. నేను బొమ్మను తడిపి మెల్లిగా రుద్దాను. ఆరిన ఆక్రిలిక్ మీద మళ్ళీ ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, కింది పూత కరిగి పైకి రాదు. అదే ఈ రంగులో ఉన్న గొప్ప మేలు. తుడిచెయ్యటం కుదరదుగాని, కప్పటం కుదురుతుంది. ముఖమంతా ఒకే చామనచాయ పూత వేసి ఆరనిచ్చాను.

"ఇప్పుడు ఫోను లోపల పెట్టు. నన్ను చూడు," అని తాతయ్య అరుగు మీద కూర్చున్నాడు.

అప్పుడు చూశాను. ఆయన ముఖం ఒక రంగు కాదు! గడ్డం కింద ఎర్రగచ్చు ఛాయ పడి ఎర్రగా ఉన్నది. ముక్కుకు ఒక పక్క నీలిగా ఉన్నది. తెల్లజుట్టు తెలుపే కాదు, నీడలో పావురాయిరంగు. ఫొటోలో ఇవేవీ నాకు కనబడలేదు. నేను ప్రతి రంగునూ ఒక అట్టముక్క మీద చుక్కపెట్టి, పావుగంట ఆగి, ఆరిన చుక్కను ఆయన ముఖంతో పోల్చి చూసి, అప్పుడు బొమ్మ మీద పెట్టాను. ఆ పావుగంటలలో ఊరికే కూర్చోలేక ఆయన్నే చూస్తూ ఉండేదాన్ని. అసలు పని అప్పుడే జరిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో కాలిఫోర్నియాలో "ఎ బిగ్గర్ స్ప్లాష్" అనే ఆక్రిలిక్ చిత్రం వేశాడు. ఎవరో ఈతకొలనులోకి అప్పుడే దూకారు. మనిషి కనబడడు, ఎగిరిన నీళ్ళు మటుకు కనబడతాయి. రెండు సెకన్లలో అయిపోయే ఆ నీటి తుళ్ళింత వెయ్యటానికి ఆయనకు సుమారు రెండు వారాలు పట్టింది. రంగు త్వరగా ఆరుతుంది గదా అని మనం తొందరపడవలసిన పని లేదు.

అయిదోరోజు సాయంత్రానికి ముఖం పూర్తి అయింది. వెనక బోర్డు మీద అక్షరాలు మటుకు మిగిలాయి. నేను కుంచెను, ఆయన పాత కర్రను తాతయ్య చేతికిచ్చాను.

"చెయ్యి వణుకుతుందే," అన్నాడు.

"వణకనీ," అన్నాను.

కర్ర ఆనించి "ఆర్ట్స్" అని రాశాడు. ఆ ఒక్కమాటకు అరగంట పట్టింది. చివరి అక్షరం తోక వంకరపోయింది. ఎనామిల్ రంగయితే టర్పెంటైను గుడ్డతో తుడిచేసేవాడు. అలవాటు కొద్దీ గుడ్డ తీసి తుడవబోయాడు. అది అప్పటికే ఆరిపోయింది!

"ఓసి నీ రంగు బంగారంగానూ! నోరు జారినట్టే ఉంది దీంతో వ్యవహారం, వెనక్కి తీసుకోవటానికి లేదు," అని పెద్దగా నవ్వాడు.

పైన పూత వేసి సరిచేస్తానన్నాను. వద్దన్నాడు. పరీక్ష చేసినవారు ఆ అక్షరం వంకరగా ఎందుకున్నదని అడిగారు. ఉన్నమాట చెప్పాను. వారు మరేమీ అనలేదు. బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో, అరుగు ఎదురుగా గోడకు ఉన్నది.

మీరు కూడా ఈ రంగుతో వెయ్యాలనుకుంటే మొదట ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ఒక గోధుమరంగు చాలు. పాతబట్టలు కట్టుకోండి, ఆరిన మరక బట్టను వదలదు. పళ్ళెంలో తడిగుడ్డ పరిచి, దానిమీద పలచని కాగితం వేసి రంగు పెట్టుకుంటే త్వరగా ఎండిపోదు. కుంచెను ఒక్క క్షణం కూడా రంగుతో ఆరనివ్వకండి, పుల్ల అయిపోతుంది. నోట్లో అసలు పెట్టకండి. కొన్ని రంగుపొడులు విషం. పిల్లలకు తగినదో కాదో పెద్దలు డబ్బా మీద చూసి కొనాలి. కుంచెను కడిగే ముందు పాతకాగితంతో బాగా తుడవండి. ఇది ప్లాస్టిక్కు గదా, కాలువలో ఎంత తక్కువ కలిస్తే అంత మంచిది.

అన్నిటికన్న ముందు ఒక అట్టముక్క దగ్గర పెట్టుకోండి. చుక్క పెట్టండి, ఆరనివ్వండి. అది ఆరేలోపల మీరు వేస్తున్న మనిషినో, చెట్టునో మరొక్కసారి చూడండి.