ఫ్లాస్కు ఎక్కడి నుంచి వచ్చింది?

బాటసింగారంలో మా గదిలో ఆరుగురికి ఒకే ఫ్లాస్కు. జ్వరం వచ్చినవాడి మంచం పక్కన అది ఉండాలన్నది మేము పెట్టుకున్న నియమం. ఇంటర్ పరీక్షలకు ముందు ఒక రాత్రి అది బల్ల మీద నుంచి జారిపడింది. పైకి ఏమీ కాలేదు. కదిపితే లోపల గాజుపెంకుల గలగల. ఆ రాత్రంతా జ్వరంతో ఉన్న మిత్రుడి కోసం వంటగదికి, గదికి మధ్య గ్లాసులతో వేడినీళ్లు మోశాం. ఆ పెంకులు ఏరుతూ చూస్తే లోపలివైపు అద్దంలా మెరిశాయి. ఎందుకని అప్పుడు ఎవరమూ అడగలేదు.

వేడి మూడు దారుల్లో పోతుందని బడిలో చదివాం: వహనం, సంవహనం, వికిరణం. ఫ్లాస్కులో రెండు గాజు గోడలు, మధ్య గాలి తీసేసిన ఖాళీ. అక్కడ పదార్థమే లేదు కనుక మొదటి రెండు దారులూ మూసుకుపోతాయి. మూడోదాన్ని ఆ వెండి పూత వెనక్కి కొడుతుంది. ఇక మూతి దగ్గర, బిరడా దగ్గర కొంచెం పోతుంది, అంతే.

దీన్ని 1892లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ డేవర్ తయారు చేశాడు. ఆయనకు టీతో పనిలేదు, ద్రవరూపంలోకి మార్చిన వాయువులు మరిగిపోకుండా చల్లగా ఉండాలి. పేటెంటు మాత్రం తీసుకోలేదు. జర్మనీలో గాజు పనివాడైన రైన్‌హోల్డ్ బర్గర్ దానికి లోహపు తొడుగు వేసి, ఇంట్లో వాడుకునే వస్తువుగా మార్చి, 1903లో పేటెంటు పొందాడు. 1904లో భాగస్వామితో కలిసి కంపెనీ పెట్టాడు. గ్రీకులో వేడి అనే అర్థమున్న మాట నుంచి దానికి థర్మోస్ అని పేరు. డేవర్ కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఎవరిది న్యాయమని మేము చాలాసేపు వాదించుకున్నాం. మా నాన్నలందరూ చేతిపనివాళ్లే కనుక బర్గర్ వైపే మొగ్గాం!

1907లో హక్కులు అమెరికా, బ్రిటన్, కెనడా కంపెనీలకు వెళ్లాయి. పేరు ఎంత పాకిందంటే, 1963లో అమెరికా కోర్టు అది అందరూ వాడే మామూలు మాటైపోయిందని తీర్పిచ్చింది. తర్వాత 1978లో జపాన్ కంపెనీ నిప్పాన్ సాన్సో స్టీలు వాక్యూమ్ సీసా తెచ్చి, 1989లో థర్మోస్‌నే కొనేసింది.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ దుకాణంలో చూసినా స్టీలు సీసాలే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, స్టీలుగా కనబడే ప్రతిదానికీ రెండు గోడలుండవు. వీటికి కేంద్రం 2023 ఉత్తర్వుతో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసింది, అడుగున చూడండి. కొన్నాక మరిగే నీళ్లు పోసి మూత బిగించి, కాసేపాగి బయట చేయి పెట్టండి. ఒళ్లంతా వేడెక్కితే లోపల ఖాళీ లేనట్టే. బిల్లు పారేయకుండా తిరిగి ఇచ్చేయండి.