ఆరో నెల వచ్చిందా.. ఆరు నెలలు నిండాయా? బిడ్డకు తొలి ముద్ద ఎప్పుడు పెట్టాలంటే..

బిడ్డకు అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇంట్లో ఈ ప్రశ్న వస్తే చాలు.. అమ్మమ్మది ఒక మాట, నానమ్మది మరో మాట, పక్కింటి ఆంటీది ఇంకో మాట. ఫోన్ తెరిస్తే రీల్స్‌లో ఇంకో పది మాటలు. మధ్యలో నలిగిపోయేది మాత్రం బిడ్డ తల్లే.

దీనికి సమాధానం చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. అందరూ ఎన్ఐఎన్ అని పిలిచేది దీన్నే. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో, బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒకే ఒక్క గదిలో మొదలైన ల్యాబ్ ఇది. 1958లో తార్నాకకు వచ్చింది. 1969 నుంచి ఇప్పుడున్న పేరుతో నడుస్తోంది. దేశం మొత్తం ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే ఆహార మార్గదర్శకాలు తయారయ్యేది ఇక్కడే. 2024 మేలో విడుదల చేసిన కొత్త మార్గదర్శకాల్లో మొత్తం 17 సూచనలున్నాయి. అందులో పసిపిల్లల గురించి చెప్పింది సూటిగా ఉంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. ఆరు నెలలు నిండగానే ఇంట్లో వండిన మెత్తటి ఆహారం మొదలుపెట్టాలి. తల్లిపాలు మాత్రం రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించాలి.

చూడ్డానికి సింపుల్‌గానే ఉంది కదా. కానీ అసలు తిరకాసు 'నిండగానే' అన్న మాట దగ్గరే ఉంది.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

మన ఇళ్లలో అన్నప్రాసన సాధారణంగా మగపిల్లాడికి సరి నెలలో, ఆడపిల్లకు బేసి నెలలో చేస్తారు. చాలా కుటుంబాల్లో బాబుకు ఆరో నెల, పాపకు ఐదో నెల అని లెక్క పెట్టుకుంటారు. ఇక్కడ నెల అంటే నడుస్తున్న నెల, నిండిన నెల కాదు.

ఉదాహరణకు జనవరి 10న పుట్టిన బిడ్డనే తీసుకుందాం. జూన్ 10 వచ్చేసరికి ఐదు నెలలు నిండి ఆరో నెల పడుతుంది. 'ఆరో నెల వచ్చేసింది, ఇక పెట్టేయొచ్చు' అంటారు పెద్దవాళ్లు. డాక్టర్లు చెప్పే ఆరు నెలలు నిండేది మాత్రం జూలై 10కి. అంటే నెల రోజుల తేడా. అదే ఆడపిల్ల అయితే? ఐదో నెల పడేది మే 10కే. అప్పటికి నిండింది నాలుగు నెలలే. ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల్లో పాపకు బాబు కంటే నెల ముందే తిండి మొదలైపోతుందన్నమాట. ఆడపిల్ల పేగులు, మగపిల్లాడి పేగులు అని వేర్వేరుగా ఉండవు.

అలాగని అన్నప్రాసన మానుకోవాల్సిన పనిలేదు. ముహూర్తం రోజు పాయసం నాలుకకు తాకించడం వేరు, ఆ మర్నాటి నుంచి రోజూ గిన్నెడు పెట్టడం వేరు. వేడుక వేడుకే, రోజువారీ తిండి మాత్రం 180 రోజులు దాటాకే. ఏడో నెలలో అన్నప్రాసన పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. పాపకైతే బేసి నెల లెక్క కూడా తప్పదు. ఇక ఆ పాయసంలో తేనె మాత్రం కలపొద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె పెడితే బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. పుట్టగానే తేనె నాకించే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ విషయం గట్టిగానే చెప్పాలి.

అమ్మమ్మ చెప్పేది కూడా పూర్తిగా అబద్ధం కాదు!

'మీ అందరికీ నాలుగో నెలకే పెట్టాం, ఏమైంది?' ఈ డైలాగ్ వినని కోడలు ఉండదేమో. నిజానికి ఆ రోజుల్లో డాక్టర్లు కూడా అదే చెప్పేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొదలుపెట్టొచ్చని చెప్పింది. 2001లో మాట మార్చి, ఆరు నెలలు పూర్తిగా తల్లిపాలే అని తేల్చింది. మన దేశంలో పాలపొడి, పిల్లల ఆహారం అమ్మకాలపై 1992లో చట్టం వచ్చినప్పుడు అందులో కూడా నాలుగు నెలలనే రాశారు. 2003 సవరణలో దాన్ని ఆరు నెలలు చేశారు. అంటే 1990ల్లో పిల్లల్ని కన్నవాళ్లు తెలిసీ తెలియక చేసిందేమీ లేదు. అప్పటి రూల్ అది.

మరి ఆరు నెలలే ఎందుకు? ముందే పెడితే బిడ్డ పాలు తాగడం తగ్గించేస్తుంది. శుభ్రత ఏమాత్రం తగ్గినా విరేచనాలు పట్టుకుంటాయి. ఎండాకాలంలో దాహం వేస్తుందని నీళ్లు పట్టడం కూడా అనవసరం. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే.

ఆలస్యం చేస్తే ఇంకో రకం నష్టం. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కొంత ఐరన్ దాచుకుంటుంది. ఆ నిల్వ సుమారు ఆరు నెలలకు అడుగంటుతుంది. తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ. అదే సమయానికి శక్తి అవసరం కూడా పెరిగిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు రోజుకు పాలు కాకుండా మరో 200 కేలరీలు కావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, ఏడాది దాటాక 550 వరకు.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు తొందరపాటు అనుకుంటాం. అంకెలు చూస్తే ఆలస్యం కూడా తక్కువేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు ఘనాహారం అందుతున్నది 45.9 శాతం మందికే. అంటే సగానికి పైగా పిల్లలకు అందడం లేదు. అదే సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67.1 శాతం, తెలంగాణలో 70 శాతం. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిందే.

క్యాలెండర్ ఒక్కటే చూస్తే చాలదు

ఆరు నెలలు దగ్గరపడేసరికి బిడ్డే కొన్ని సిగ్నల్స్ ఇస్తుంది. మెడ నిలబెడుతుంది. కాస్త ఆసరా ఇస్తే కూర్చుంటుంది. చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. పెద్దవాళ్లు తింటుంటే కళ్లు ప్లేట్ మీదే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది నాలుక. చిన్న పిల్లల నోట్లో చెంచా పెడితే నాలుకతో బయటకు నెట్టేస్తారు. అది ఊపిరి అడ్డుపడకుండా ప్రకృతి పెట్టిన రక్షణ. ఆరు నెలల ప్రాంతంలో అది తగ్గిపోతుంది. నాలుగో నెలలో పెట్టిందంతా బిడ్డ గడ్డం మీదకే వస్తుంటే, 'వీడికి రుచి నచ్చలేదు' అని కాదు, ఇంకా టైమ్ రాలేదని అర్థం.

పళ్లు రావడానికీ దీనికీ సంబంధం లేదు. పళ్లు రాలేదని ఆగాల్సిన పనిలేదు, చిగుళ్లతోనే మెత్తటి ముద్ద నలిపేస్తారు. రాత్రిళ్లు లేస్తున్నాడు, ఆకలేమో అని నాలుగో నెలలో గంజి పట్టడం కూడా చాలామంది చేసే పనే. ఆ వయసులో రాత్రి లేవడం మామూలే.

పప్పు నీళ్లతో కడుపు నిండుతుంది.. బలం రాదు

ఏం పెట్టాలన్న దగ్గరికి వస్తే, తెలుగు ఇళ్లకు కొత్తగా నేర్పేదేం లేదు. ఉగ్గు ఉండనే ఉంది. బియ్యం మూడు వంతులు, పెసరపప్పు ఒక వంతు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి పొడి పట్టుకుంటే చాలు. మెత్తగా ఉడికించి చెంచాడు నెయ్యి వేస్తే తొలి ముద్ద రెడీ.

సమస్య వచ్చేది పలుచదనంతో. పప్పు మీద తేట, చారు నీళ్లలో పిసికిన అన్నం, గ్లాసులో పోసి తాగించే జావ. పిల్లల కడుపు చాలా చిన్నది. అందులో నీళ్లే నింపేస్తే ఆ 200 కేలరీలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే డాక్టర్లు చెప్పే చిట్కా ఒకటి ఉంది. చెంచాను పక్కకు వంచితే జారిపోకూడదు, అంత చిక్కగా ఉండాలి. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిండి చేస్తే ఇంకో లాభం. మొలకల్లో ఉండే ఎంజైమ్ వల్ల ఎక్కువ పిండి వేసినా జావ గడ్డకట్టదు. అంటే అదే గిన్నెలో ఎక్కువ బలం.

మొదట్లో రోజుకు రెండు మూడు సార్లు, రెండు మూడు చెంచాలు. మెల్లగా అర కప్పు వరకు. తొమ్మిది నెలలు దాటాక మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు. ఏడాదికల్లా ఇంట్లో అందరూ తినేదే, కారం తగ్గించి. ఆకుకూర, క్యారెట్, అరటిపండు, బాగా ఉడికిన గుడ్డు, మాంసం తినే ఇళ్లలో మెత్తగా ఉడికిన చేప, లివర్.. వీటికి ఏడాది దాకా ఆగాల్సిన అవసరం లేదు. ఐరన్ లోటు తీర్చేవి ముఖ్యంగా ఇవే. గుడ్డు, వేరుశనగ ఆలస్యం చేస్తే అలర్జీ రాదన్న పాత నమ్మకం కూడా పోయింది. 2015లో వచ్చిన ఒక పెద్ద బ్రిటన్ అధ్యయనంలో వేరుశనగ ముందుగా మొదలుపెట్టిన పిల్లల్లోనే అలర్జీ తక్కువగా కనిపించింది. పల్లీలు మాత్రం మెత్తటి పొడి రూపంలోనే. గింజ గింజగా పెడితే గొంతులో అడ్డం పడుతుంది. ఒంటిపై ఎగ్జిమా ఎక్కువగా ఉన్న బిడ్డయితే ముందు డాక్టర్‌ను అడగాలి.

ఉప్పు, చక్కెర మొదటి ఏడాది వద్దు. రెండేళ్ల వరకు చక్కెర లేకపోతే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో టీలో ముంచిన బిస్కెట్ చాలామంది పిల్లల తొలి చిరుతిండి. చక్కెర సంగతి అలా ఉంచితే, టీ అసలే తక్కువగా ఉన్న ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఆవుపాలు, గేదెపాలు ఏడాది లోపు తల్లిపాలకు బదులుగా పట్టకూడదు.

అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. ఇది తయారయ్యేది తార్నాకకు దగ్గర్లోని నాచారంలోనే. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పొడి ఇది. చక్కెర ఉండడం ఇబ్బందే అయినా, పప్పు నీళ్లతో సరిపెట్టే ఇంటికి ఇది ఎంతో మేలు. బరువు తక్కువ ఉన్న పిల్లల కోసం గతంలో 'హైదరాబాద్ మిక్స్' పేరుతో ఒక ఫార్ములా ప్రాచుర్యంలోకి వచ్చింది. ఎన్ఐఎన్ రూపొందించిన ఈ మిశ్రమంలో వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు, 11 గ్రాముల పైగా ప్రోటీన్. అన్నీ కిరాణా కొట్టులో దొరికేవే. బెల్లం ఉంది కాబట్టి ఇది బలహీనంగా ఉన్న పిల్లలకు డాక్టర్ సలహాతో ఇచ్చేది, అందరికీ కాదు.

నల్లగొండ ఊళ్లలో ఏం తేలింది?

ఏం పెట్టాలన్నదే కాదు, ఎలా పెట్టాలన్నది కూడా ముఖ్యమేనా? ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లాలోని 60 గ్రామాల్లో, 600 మంది తల్లీబిడ్డలతో ఇదే పరీక్షించారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఇరవై ఊళ్లలో మామూలు అంగన్‌వాడీ సేవలే. మరో ఇరవై ఊళ్లలో శిక్షణ పొందిన స్థానిక మహిళలు ఇళ్లకు వెళ్లి ఏం పెట్టాలో చెప్పారు. మిగతా ఇరవై ఊళ్లలో దాంతో పాటు బిడ్డ ఆకలి సంకేతాలు గమనించడం, మాట్లాడుతూ తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. బిడ్డలకు మూడు నెలలప్పటి నుంచి 15 నెలలు వచ్చే దాకా ఇలా సాగింది.

చివరికి రెండు, మూడు గుంపుల పిల్లలు మొదటి గుంపు కంటే మెరుగ్గా తిన్నారు. ఎదుగుదలలో లాభం రెండో గుంపులో కనిపించింది. మానసిక వికాసం పరీక్షల్లో మాత్రం ముందున్నది మూడో గుంపే. అంటే బిడ్డతో కబుర్లు చెబుతూ పెట్టిన ముద్ద మెదడుకు కూడా పనికొస్తోంది. ఫోన్‌లో కార్టూన్ పెట్టి, చూస్తుండగా నోట్లో కుక్కేయడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏడాది లోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఈ వార్త చదువుతున్న ఫోన్‌కూ అదే వర్తిస్తుంది. తల తిప్పేసింది అంటే చాలన్నట్టు. ఇంకో ముద్ద అని వెంటపడొద్దు.

ఉద్యోగం, పీహెచ్‌డీ.. సెలవు సరిపోతుందా?

చాలామంది తల్లులు నాలుగో నెలకే ఉగ్గు మొదలుపెట్టడానికి అసలు కారణం ఆచారం కాదు, ఆఫీసు. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలైంది. అంటే 182 రోజులు. ఆరు నెలల లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కానీ కాన్పుకు ముందే ఎనిమిది వారాలు వాడేస్తే, తర్వాత మిగిలేది 18 వారాలే. అలాంటప్పుడు పాలు పిండి నిల్వ చేయడం ఒక దారి. ఫ్రిజ్‌లో 24 గంటలు, బయట నాలుగు గంటల లోపు వాడేయాలి. మన ఎండలకు ఇంకా ముందే వాడితే మేలు. సీసా కంటే ఉగ్గుగిన్నె, చెంచా శుభ్రం చేయడం తేలిక.

క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మహిళలకు యూజీసీ నిబంధనల ప్రకారం కోర్సు మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకునే వీలుంది. ఈ రూల్ 2016 నుంచే ఉంది. 2022 నిబంధనల్లోనూ కొనసాగింది. గైడ్‌తో ముందుగా మాట్లాడుకుని, ఎక్కువ రోజులు కాన్పు తర్వాతకు మిగుల్చుకుంటే ఆరు నెలల తల్లిపాలు, ఆపైన ఉగ్గు అలవాటయ్యే తొలి వారాలు రెండూ ఆ సెలవులోనే సాగిపోతాయి.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టినప్పుడు బరువు తక్కువ ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీని కూడా చూసి పిల్లల డాక్టరే చెప్పాలి. ఐరన్ చుక్కలు కూడా వాళ్లకు ముందే అవసరం పడతాయి. ఏడు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, ప్రతిసారీ ముద్ద మింగలేక దగ్గు, పొలమారడం వస్తున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపి డాక్టర్‌కు చూపించాలి.