భయానకరసాస్వాదము - ఒక చలనచిత్ర నిదర్శనము

భయము లోకమున దుఃఖహేతువు. అట్టి భయమును యువజనులు వెల యిచ్చి చలనచిత్రశాలలలో కోరి పొందుట యెట్లు పొసగును? 1999లో విడుదలయైన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అను అమెరికా చిత్రము నిదర్శనముగా ఈ ప్రశ్నమును పరిశీలింతుము.

మంత్రగత్తెను గూర్చిన జనశ్రుతిని చిత్రీకరింపబోయిన మువ్వురు విద్యార్థులు మేరీలాండు రాష్ట్రమునందలి బర్కిట్స్‌విల్ సమీపారణ్యమున దారి తప్పుదురు. రాత్రులందు వింతధ్వనులు వినవచ్చును. తుదకు వారొక పాడుపడిన యింట ప్రవేశింతురు. వికృతధ్వని, అరణ్యగమనము, శూన్యగృహము - ఈ మూడును భరతుడు నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమున భయానకమునకు చెప్పిన విభావములే. అయితే తరుముచున్న దెవరో చిత్రమున ఎచ్చటను కానరాదు.

ఈ కానరామియే మాకు ముఖ్యముగా తోచుచున్నది. శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని రథమునకు వెరచి పరుగిడు మృగము వర్ణనమును అభినవగుప్తుడు రసవివరణమున ఉదాహరించెను. అందు భయపెట్టువాడు పారమార్థికుడు కాకుండుటచే, దేశకాలవ్యక్తుల సంబంధము వీడి భయ మొక్కటియే సహృదయుని యెదుట నిలుచునని ఆయన యాశయము. 'నేను భయపడితిని' అను తలంపు విఘ్నమే. తరుమువాని రూపము మరుగుపడుటచే ఈ చిత్రమున ఆ సాధారణీకరణము సుకరమైనది.

అయితే ఇది నిజముగా జరిగిన యుదంతమని విడుదలకు ముందు ప్రచారము జరిగినది. దానిని నమ్మి, తప్పిపోయినవారికై చింతించిన ప్రేక్షకునికి కలిగినది లౌకికభయమే. కల్పన యని యెరిగియు ఒడలు గగుర్పొడిచినవానిదే రసము. కావున వాస్తవభ్రాంతి భయమును పెంచవచ్చును గాని, రసమును పెంపజాలదని మా యభిప్రాయము.