నక్షత్రం కట్టే వేళ

నవంబరు ఆఖరివారం వచ్చిందంటే మా యింట అటకమీదనుంచి నక్షత్రం దిగుతుంది. మా నాన్నగారు వెదురుబద్దలతో కట్టిన చట్రమే యిప్పటికీ. కాగితం మాత్రం యేటేటా మారుస్తాము. లోపల దీపం పోయి బల్బు వచ్చింది, అంతే.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని ఆగమనకాలం అంటారు. చూసేవారికి అది పండుగ సందడిలా కనబడుతుంది గాని, నిజానికి ఎదురుచూపు. రావలసినవాడు యింకా రాలేదని వొప్పుకొని, దీపం వెలిగించి కూర్చోవడం. వారానికొక కొవ్వొత్తి వెలిగించే ఆచారం జర్మనీలో పుట్టింది. 1839లో హాంబర్గులో దిక్కులేని పిల్లలను సాకుతున్న విచెర్న్ అనే బోధకుణ్ణి, "క్రిస్మస్ యెప్పుడొస్తుంది?" అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తూంటే, ఆయన ఒక బండిచక్రంమీద రోజుకొక కొవ్వొత్తి చొప్పున పెట్టి లెక్క చూపించాడట. మా ఉప్పాడలో సముద్రపుగాలి ఒక్క కొవ్వొత్తినీ నిలవనివ్వదు. అందుకే మాకు నక్షత్రం.

మా యింట దీన్ని మొదలుపెట్టింది మామ్మ. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలవారు పనులకోసం రంగూన్ వెళ్ళడం మామూలు. కాకినాడలో స్టీమరు యెక్కేవారు. తాతయ్య అలాగే వెళ్ళాడు. 1942 మార్చిలో జపానువాళ్ళు రంగూన్ పట్టుకున్నారు. మనవాళ్ళు లక్షలాదిగా అడవులూ కొండలూ దాటుతూ కాలినడకన బయలుదేరారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. ఏప్రిల్ 6న, సరిగ్గా ఈస్టరు మర్నాడు, జపాను విమానాలు విశాఖపట్నంమీదా కాకినాడమీదా బాంబులు వేశాయి. ఆగస్టులో క్విట్ ఇండియా వుద్యమం. "దొరల మతంవాళ్ళు" అని వీధిలో ఒకరు, "కాంగ్రెసువాళ్ళతో తిరుగుతున్నారేమిటి?" అని గుడిలో మరొకరు. రెండువైపులా మాటలే.

ఆ డిసెంబరులో రాత్రిళ్ళు బయట వెలుతురు కనబడకూడదని కట్టడి. మామ్మ కిటికీకి దుప్పటి కట్టి, నక్షత్రాన్ని వంటింటి దూలానికి వేలాడదీసింది. నాన్నగారికప్పుడు పదేళ్ళు. తాతయ్య ఆ క్రిస్మస్‌కు రాలేదు. పై యేడూ రాలేదు. అసలు రానేలేదు. మామ్మ నక్షత్రం కట్టడం మాత్రం మానలేదు.

చిన్నతనపు తెలివితక్కువతో ఒకసారి అడిగాను: "తాతయ్య రాడు గదా మామ్మా, యింకా యెందుకు కడతావు?"

"వచ్చేవాడికి యింటి ఆనవాలు తెలియొద్దుట్రా?" అంది.

రాజకీయాలు బాగులేనప్పుడు పండుగేమిటని కొందరు విసుక్కుంటారు. క్రీస్తు పుట్టుక కథ మొదలయ్యేదే సర్కారు వుత్తరువుతో. అగస్టస్ చక్రవర్తి జనాభా లెక్కలు రాయమన్నాడు. నిండుచూలాలు ప్రయాణం కట్టవలసివచ్చింది. బిడ్డ పుట్టాడో లేదో హేరోదు రాజుకు భయం. రాత్రికి రాత్రి ఐగుప్తుకు పరుగు. తాతయ్యలాంటివారు నడిచివచ్చిన దారుల్లో ఒకటి మణిపూరు గుండానే. అక్కడ 2023 మే నెలలో మొదలయిన అల్లర్లలో చర్చీలూ కాలాయి, గుళ్ళూ కాలాయి, రెండు వందలమందికి పైగా పోయారు. ఆ డిసెంబరులోనే, గాజాలో యుద్ధం సాగుతూండగా, బేత్లెహేములో పండుగ వేడుకలు మానుకున్నారు. అక్కడి లూథరన్ దేవాలయంలో బాలయేసును పగిలిన సిమెంటు పెళ్ళల మధ్య పడుకోబెట్టారు. వేడుక మానారు గాని, పిల్లవాణ్ణి పడుకోబెట్టడం మానలేదు. ఆ ఫొటో చూసినప్పుడు నాకు మా వంటింటి దూలం గుర్తుకువచ్చింది.

కాకినాడకెదురుగా సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక ఇసుకదిబ్బ వుంది. పేరు హోప్ ఐలాండ్. హోప్ అంటే ఆశ గదా! 2004 సునామీ వచ్చినప్పుడు కాకినాడకు అడ్డునిలిచింది అదే. కాని ఆ కాపుదల మా ఉప్పాడదాకా రాదు. పైగా, మా తీరానికి చేరవలసిన ఇసుక ఆ దిబ్బ దగ్గరా, రేవు కట్టడాల దగ్గరా ఆగిపోవడంవల్లనే యిక్కడ కోత యెక్కువయిందని శాస్త్రజ్ఞులంటారు. నా యెరికలోనే వీధులు సముద్రంలో కలిశాయి. ఆశ అంటే అలకు అడ్డుగోడ అని నమ్మేవాడికి మా వూళ్ళో బతకడం కష్టం.

2024 ఎన్నికల్లో రాష్ట్రమంతా మా పిఠాపురం నియోజకవర్గం వైపే చూసింది. ఎదురింటి నేతగాడు, నేనూ ఒకే బల్లమీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. మా వూరి జమ్దానీ చీర సంగతి మీరు వినేవుంటారు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గంమీద యిద్దరు పక్కపక్కన కూర్చుంటేగాని ఆ బుటా సాగదు. అంత వోర్పుగల మనిషి, క్రైస్తవులమీద యెవరో అల్లిన చెత్తకబురు ఫోనులో నాకు పంపాడు. నేనూ వూరుకోలేదు. పదిమందిలో, వాడి కొడుకు యెదుట, అనరాని మాట అన్నాను. ఏడు నెలలు మాటల్లేవు.

ఆ యేడు నక్షత్రం కట్టబుద్ధి కాలేదు. రెండుసార్లు వాడి గుమ్మందాకా వెళ్ళాను. లోపల మగ్గం చప్పుడు వినబడేది. వెనక్కి వచ్చేశాను. ఇన్నాళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాడికి ఒక్క మాట కరువయింది సుమండీ!

చివరికి డిసెంబరు రెండో ఆదివారం సాయంత్రం, మామ్మ ముఖం చూడలేక, స్టూలెక్కాను. చెయ్యి వణుకుతోంది. గాలికి కాగితం టపటప కొట్టుకుంటోంది. కింద యెవరో స్టూలు పట్టుకున్నట్టయింది.

"వంకరగా కట్టావురా," అన్నాడు వాడు, జేబులోంచి దారపువుండ తీస్తూ. "దిగు."

దిగాను.