డాక్టరుకు ముందుగా చెప్పాల్సిన మాట

బక్రీదు అయిన ఆరో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. చేసింది మా అత్తగారి ఊరివైపు కుర్రాడు. రాయచోటి దగ్గర పల్లె. మస్కట్ దాటాక బర్కా వైపు ఒక ఇజ్బాలో మేకలు కాస్తాడు. పశువుల పాకలున్న తోటని ఇక్కడ ఇజ్బా అంటారు. ఉగాదికీ, సంక్రాంతికీ మా ఇంటికి వచ్చి భోంచేసి వెళ్తాడు. నన్ను అక్కా అని పిలుస్తాడు.

"అక్కా, మొన్న రాత్రి నుంచి జరం. నడుమూ, మెడా పట్టేసినాయి. కండ్లు తెరిస్తే వెలుతురు పడ్డంలే. క్లినిక్కు పోతే మాత్రలిచ్చినారు, తగ్గలే."

మామూలు జ్వరమే అనుకోవచ్చు. కానీ నేను బి.ఎస్సీ.లో జువాలజీ చదివాను. పెళ్ళయ్యాక ఇల్లూ పిల్లలతోనే సరిపోయినా, ఆ చదువు ఎక్కడో ఒక మూల ఉండిపోయింది. అందుకే అడిగాను: "పండక్కి మేకల్ని నువ్వు కోశావా?"

"నేను కోయలేదక్కా. పట్టుకున్నా, తోళ్ళు తీసినా. ఏలు కూడా తెగింది, గుడ్డ కట్టుకున్నా."

"మరి ఆ మాట డాక్టరుకు చెప్పావా?"

కాసేపు మాట లేదు. "ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదక్కా. చెప్తే ఆస్పత్రిలో పెట్టేస్తారంట. కఫీలుకు తెలిస్తే ఊరికి పంపిచ్చేస్తాడేమో."

నా గుండె ఝల్లుమన్నది ఆ మాటకే. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ జ్వరం సంగతి చెప్పాలి.

వైరస్ వల్ల వచ్చే జ్వరాల్లో కొన్ని రక్తనాళాలనీ, రక్తం గడ్డకట్టే గుణాన్నీ దెబ్బతీస్తాయి. ముదిరితే చిగుళ్ళ నుంచీ, ముక్కు నుంచీ, లోపలి అవయవాల నుంచీ రక్తం కారుతుంది. వీటిని రక్తస్రావ జ్వరాలంటారు. ఆఫ్రికాలోని ఎబోలా, లస్సా ఈ కోవలోవే. కర్ణాటకలో శివమొగ్గ అడవుల దగ్గర 1957లో బయటపడ్డ క్యాసనూరు అటవీ జ్వరం కూడా ఇందులోదే. మనందరికీ తెలిసిన డెంగీ కూడా ముదిరినప్పుడు ఇలాగే మారుతుంది. కానీ అన్నీ ఒకేలా అంటుకోవు. డెంగీకి దోమ కావాలి. అందుకే 2020 జనవరిలో మస్కట్‌లో సీబ్, బౌషర్ ప్రాంతాల్లో ఇంటింటికీ తిరిగి ఏడిస్ దోమల మీద పోరాటం చేశారు.

ఒమాన్‌లో మనం తెలుసుకోవాల్సిన మరో జ్వరం క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం. అందరూ కాంగో జ్వరం అంటారు. పేరులో రెండు ఊళ్ళు ఎందుకంటే, 1944లో క్రిమియాలో సోవియట్ సైనికుల్లో దీన్ని గుర్తించారు. 1956లో కాంగోలో ఒక రోగి నుంచి వైరస్‌ని వేరుచేశారు. రెండూ ఒకటేనని 1969లో తేలింది.

ఈ వైరస్‌ని మోసేది హయలోమా జాతి పిడుదు. మన పల్లెల్లో గేదెల చెవుల్లో, పొదుగు దగ్గర పట్టుకుని ఉండే పిడుదులు మీకు గుర్తుండే ఉంటాయి. కొన్నిచోట్ల గోమార్లంటారు. వాటి బంధువే ఇది. ఇది మేకనో, గొర్రెనో, ఆవునో, ఒంటెనో కుడితే వైరస్ ఆ జంతువు రక్తంలో సుమారు వారం రోజులు ఉంటుంది. చిత్రమేమిటంటే ఆ జంతువుకి జబ్బు చేసినట్టే కనిపించదు. హాయిగా మేస్తుంది. కళ్ళు చూసో, మూతి చూసో మంచి మేకని ఎంచుకునే పెద్దవాళ్ళకి కూడా ఇది పట్టుబడదు.

మనిషికి మూడు దారుల్లో వస్తుంది. పిడుదు కుట్టడం వల్ల, లేదా దాన్ని చేత్తో నలిపెయ్యడం వల్ల. వైరస్ ఉన్న జంతువుని కోసేటప్పుడూ, కోసిన వెంటనే, దాని రక్తం మన చేతి గాయానికో, కళ్ళకో, నోటికో తగలడం వల్ల. జబ్బుపడ్డ మనిషి రక్తం, వాంతి లాంటి స్రావాలు తగలడం వల్ల. పక్కన కూర్చుంటేనో, ఒక గదిలో మాట్లాడుకుంటేనో జలుబులా పాకే జబ్బు కాదిది. బాగా ఉడికిన మాంసం తింటే రాదు. ప్రమాదం కంచంలో కన్నా కత్తి దగ్గర ఎక్కువ.

ఒమాన్‌లో మొదటి కేసులు 1995, 96ల్లో బయటపడ్డాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు మాట లేదు. మళ్ళీ 2011 నుంచి 2017 వరకు 88 కేసులు నమోదయ్యాయి. వాళ్ళలో మూడో వంతుకి పైగా చనిపోయారు. ఎక్కువమంది పశువులతో, పచ్చి మాంసంతో పనిచేసినవాళ్ళే. బక్రీదు రోజుల్లో కేసులు పెరుగుతాయి. చాంద్రమానం ప్రకారం పండగ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కదా, కొన్నేళ్ళుగా అది పిడుదులు చురుగ్గా తిరిగే ఎండాకాలంలోనే పడుతోంది. అందుకే పండగకి ముందు ఆరోగ్యశాఖ హెచ్చరికలు చేస్తుంది. మేకల్ని ఇంటి వాకిట్లో కాకుండా మున్సిపాలిటీ కబేళాలో కోయించుకోమంటుంది. అక్కడ పశువుల డాక్టర్లుంటారు, కోసేవాళ్ళకి తొడుగులుంటాయి.

ఇక మన దేశం మాట. 2011 జనవరిలో అహ్మదాబాద్ దగ్గరి పల్లె నుంచి ఒకావిడ తీవ్రమైన జ్వరంతో ఆస్పత్రిలో చేరి చనిపోయింది. ఏ జ్వరమో తెలియకుండానే ఆమెకి సేవ చేసిన డాక్టరూ, నర్సూ కూడా అదే నెలలో చనిపోయారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలు చేసి కాంగో జ్వరమని తేల్చింది. భారతదేశంలో నిర్ధారణ అయిన మొదటి వ్యాప్తి అదే.

నన్ను భయపెట్టింది ఈ కథే. రోగి దగ్గర ఉన్నవాళ్ళకి ముందే తెలిసి ఉంటే తొడుగులు వేసుకునేవారు, జాగ్రత్తపడేవారు. ఒక్క మాట చెప్పకపోతే ప్రమాదం రోగి ఒక్కడిదే కాదు, అతన్ని కాపాడబోయేవాళ్ళది కూడా.

మా వారు తయారై వచ్చి, "నేను వెళ్ళి ఆస్పత్రికి తీసుకెళ్తాను" అన్నారు. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం వద్దనబోయాను. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. టాక్సీ ఎక్కించి పంపిస్తే పోదా అనిపించింది. ఆ తర్వాత నాకు నేనే సిగ్గుపడ్డాను. వాంతులున్నాయా, ఎక్కడైనా రక్తం వస్తోందా అని కుర్రాణ్ణి అడిగాను. ఏమీ లేవన్నాడు. చదువుకున్నది గుర్తుచేసుకున్నాను. గాలిలో పాకేది కాదు. ముట్టుకోవాల్సి వస్తే తొడుగులుండాలి, అంతే. వంటింట్లోంచి తొడుగుల డబ్బా, మాస్కులు, రెండు కవర్లు ఇచ్చి పంపాను. వెనక సీట్లో కూర్చోబెట్టమన్నాను, కిటికీ తీసి ఉంచమన్నాను. ఆస్పత్రికి వెళ్ళగానే రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గరే చెప్పమన్నాను.

కుర్రాడికి ఫోన్లో హిందీ మాట నేర్పాను: "మై బకరీ కా కామ్ కర్తా హూఁ. ఈద్ మే ఖూన్ లగా థా." నేను మేకల పని చేస్తాను, పండగలో రక్తం అంటింది అని. డాక్టరు ఏ దేశంవాడైనా ఇది చెప్పకుండా ఇంకేమీ చెప్పొద్దన్నాను.

"ఉద్యోగం పోతే అక్కా?" అన్నాడు.

"ప్రాణముంటే ఉద్యోగం వెతుక్కోవచ్చు. నీ పక్క మంచంలో పడుకునే అబ్బాయి సంగతేంటి? అతనికీ ఇల్లుంది కదా" అన్నాను. దానికి మాత్రం మెత్తబడ్డాడు.

చెప్పగానే అక్కడ అంతా మారిపోయింది. వేరే గది, తొడుగులూ గౌనులతో నర్సులు, రక్తం తీసి పీసీఆర్ పరీక్షకి పంపడం. రక్తం అంటుకున్నాక జ్వరం సాధారణంగా 5, 6 రోజుల్లో మొదలవుతుంది, 13 రోజుల దాకా కూడా పట్టొచ్చు. కాబట్టి ఆరో రోజు జ్వరం నిజంగానే అనుమానించాల్సింది. ఈ జబ్బుకి అందరికీ ఇచ్చే టీకా ఇంకా లేదు. ద్రవాలు, రక్తకణాలు ఎక్కిస్తూ ఒంటిని నిలబెట్టడమే ముఖ్య చికిత్స. రైబవిరిన్ అనే మందు కూడా వాడతారు. ఎంత తొందరగా వస్తే అంత మంచిది. చనిపోయేవాళ్ళు ఎక్కువగా రెండో వారంలోనే పోతారు.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. రాయచోటి నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసి "మా వోనికి ఏమైందమ్మా" అంటే, ఏమీ కాలేదని చెప్పలేకపోయాను, అయిందనీ చెప్పలేకపోయాను. "మంచి ఆస్పత్రిలో ఉన్నాడు పిన్నీ, డాక్టర్లకి అంతా చెప్పాడు" అన్నాను. నా చేతిలో ఉన్న నిజం అంతే.

మూడో రోజు ఫలితం వచ్చింది. కాంగో జ్వరం కాదు. ఇంకేదో వైరల్ జ్వరం, వారంలో తగ్గింది. కఫీలు అతన్ని పంపించెయ్యలేదు. పైగా పాకలోని మేకలకి పిడుదుల మందు కొట్టించాడట.

'కానప్పుడు ఇంత హడావిడి ఎందుకు' అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. కాదని తేల్చుకోవడానికే ఆ హడావిడి. అవునని తేలేదాకా ఆగిన చోట ఏం జరిగిందో అహ్మదాబాద్ చెప్పింది.

మనలాంటి ఆడవాళ్ళం ఇంట్లో పాటించగలిగినవి కొన్ని చెప్తాను.

పండక్కి ఒమానీ పొరుగువాళ్ళు ప్రేమగా పచ్చి మాంసం పంపిస్తారు. కాదనకండి. కానీ కడిగేటప్పుడూ, కోసేటప్పుడూ చేతికి తొడుగులు వేసుకోండి. వేలు తెగి ఉంటే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. కుళాయి జోరుగా తిప్పి నీళ్ళు చిందేలా కడగొద్దు. కత్తిపీట, చాకు, సింకు సబ్బుతో కడిగాక బ్లీచింగ్ నీళ్ళతో తుడవండి. ముక్క మెత్తగా ఉడికాకే రుచి చూడండి.

ఇంటి మగవాళ్ళు మేకని కోయించడానికి వెళ్ళొస్తే, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి.

నిజ్వాలో శుక్రవారం మేకల సంత చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళడం మనందరికీ సరదా. లేతరంగు బట్టలు వెయ్యండి, పిడుదు పాకితే కనిపిస్తుంది. ఇంటికొచ్చాక చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక చూడండి. పిడుదు పట్టి ఉంటే చిన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా లాగెయ్యండి. మన ఊళ్ళోలాగా గోటితో మాత్రం నొక్కి చంపకండి.

ఇజ్బాల్లో పనిచేసే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి వెబ్‌పత్రికలు చదివే తీరిక ఉండదు. మీకు తెలిసినవాళ్ళుంటే మీరే చెప్పండి. జ్వరమొస్తే నొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి సొంతంగా మింగొద్దనీ, అవి రక్తస్రావాన్ని పెంచుతాయనీ చెప్పండి. అన్నిటికన్నా ముందు, డాక్టరు అడిగినా అడక్కపోయినా "నేను మేకలతో పనిచేస్తాను" అనమని చెప్పండి.

మొన్న ఆ కుర్రాడు ఇంటికి వచ్చాడు. వేలి గాయం మానిపోయింది. పులిహోర పెట్టాను. తింటూ, "అక్కా, ఆ హిందీ మాట మా రూములో ఉండే నలుగురికీ నేర్పినా" అన్నాడు.