మీకు తెలుసా? చెనిక్కాయ చర్మానికి పగ, పేగుకు చుట్టం

తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం ‘నారాయణి’, ‘ధరణి’ రకాలు ఇచ్చిన చెనిక్కాయే మన ఊరిబిండికి ప్రాణం. బ్రిటన్, అమెరికాల్లో అదే గింజ కొందరు పిల్లలకు ప్రాణం మీదికి తెస్తుంది. పెట్టకపోతే మేలనుకున్నారు అక్కడి డాక్టర్లు, జరిగింది తలకిందులు! లండన్‌లో ఎలర్జీ ముప్పున్న 640 మంది పసివాళ్లపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలోపే తినడం మొదలుపెట్టినవాళ్లకు అయిదేళ్లకల్లా ఎలర్జీ సుమారు 80 శాతం తక్కువ కనిపించింది.

కారణమేంటంటే, తిన్నప్పుడు పేగుకు చేరిన కొత్త ప్రోటీన్‌పై మిగతా రక్షక కణాలు ఎగబడకుండా రెగ్యులేటరీ టి కణాలు ఆపుతాయి. వీటిపై పరిశోధనకే 2025 వైద్య నోబెల్. ఎగ్జిమా అనే చర్మవ్యాధితో పగిలిన చర్మం గుండా ఆ ప్రోటీన్ ముందుగా చేరితే మాత్రం ఎలర్జీకి దారి తీయొచ్చు.

అన్నట్టు, పసిబిడ్డకు గింజలు పెట్టకండి, గొంతుకడ్డం పడతాయి. మెత్తగా నూరి పెట్టండి. ఎగ్జిమా ఉంటే ముందు డాక్టరునడగండి.