పాత పెట్టెలో వనదేవత

2023 డిసెంబరులో ఒక సాయంత్రం మా చిన్నమ్మాయి బడినుంచి వస్తూనే సంచీ గుమ్మంలో పడేసి, "అమ్మా, నేను వనదేవతని!" అన్నది.

మావారు కాఫీ గ్లాసు దించకుండానే, "ఆ సంగతి మాకెప్పుడో తెలుసు. నీ గది చూసినవాళ్ళెవరైనా అడవే అనుకుంటారు" అన్నారు.

విషయమేమిటంటే, బడి వార్షికోత్సవానికి శాకుంతలంలోని నాలుగో అంకం వేయిస్తున్నారు. పాఠకులకు గుర్తుండే వుంటుంది. శకుంతల అత్తవారింటికి బయలుదేరేవేళకి ఆశ్రమంలో నగా లేదు, నాణ్యమైన బట్టా లేదు. పూలకోసం వెళ్ళిన మునికుమారులకు ఒక చెట్టు వెన్నెలవంటి తెల్లని బట్ట ఇస్తుంది, మరొకటి లత్తుక ఇస్తుంది. తక్కిన చెట్లలోంచి వనదేవతల చేతులు మణికట్టుదాకా చిగుళ్ళలా బయటికి వచ్చి నగలందిస్తాయి. మా అమ్మాయి వేషం ఆ చేతుల్లో ఒక జత. మాటలు లేవు. ఇరవై యేళ్ళుగా ఈ అంకం పాఠం చెబుతున్నాను గాని, వనదేవత ఏం కట్టుకుంటుందని ఒక్క విద్యార్థీ నన్నడగలేదు. మా తొమ్మిదేళ్ళ పిల్ల అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు అద్దెకు వేషాలిచ్చే కొట్టుకి వెళ్ళాను. కుర్రవాడు, "అడవి డ్రస్సు కదా మేడమ్!" అంటూ ఒక సంచీ విప్పాడు. తలకి కోడి యీకల కిరీటం, నడుముకి పులిచారల గుడ్డ, మెడకి ప్లాస్టిక్ పుర్రెల దండ. మొహానికి పూసుకోను నల్లరంగు ఉచితం. అద్దె 400, డిపాజిట్టు 1000.

"ఇది ఎవరి వేషం నాయనా?" అన్నాను.

"చెంచువాళ్ళదండి."

నల్లమలలో చెంచులు మనలాగే చీరలు కట్టుకుంటారు, చొక్కాలు తొడుక్కుంటారు. పుర్రెలు వేసుకునేవారెవరో ఆ కుర్రవాడికీ తెలియదు. వాడిననేం లాభం? చేతిలో సంచీ తిరిగిచ్చేసి ఇంటికి వచ్చాను. "నేనే కుడతాను" అని ప్రకటించాక గాని, కాజాలు తప్ప నాకింకేమీ కుట్టడం రాదన్న సంగతి జ్ఞాపకం రాలేదు.

చెట్టుకి ముందు బెరడు కావాలి. మా మామగారి నేత పంచెలు రెండు, ఆయన 2011లో పోయినప్పటినుంచీ బీరువా అడుగున వున్నాయి. వాటిలో ఒకదానికి నిండా చిల్లులే. దాన్ని తీశాను. పెడన కలంకారీవాళ్ళు బట్టని కరక్కాయ నీళ్ళలో తడిపి, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో నల్లని అచ్చులు వేస్తారని నాకు తెలుసు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లరంగవుతుంది. ఇనుపనీరు ఊరడానికి రెండు వారాలు కావాలి గనక, మొదట తుప్పుపట్టిన మేకులు, బెల్లం ఒక కుండలో వేసి పెరట్లో పెట్టాను. దాని వాసన గురించి పక్కింటివారు రెండుసార్లు మర్యాదగా విచారించారు.

పంచెని కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఆరవేస్తే గంధం రంగుకి దిగింది. పుల్లకి గుడ్డ చుట్టి ఇనుపనీటిలో ముంచి గీశాను. చూడబోతే బురదనీరు, బట్టకి తగలగానే కళ్ళముందే నల్లబడింది. అడ్డదిడ్డంగా గీసినకొద్దీ అచ్చం తుమ్మ బెరడులా వచ్చింది. (ఈ ఇనుపనీరు పోనుపోను బట్టని తినేస్తుంది. మంచి గుడ్డమీద ప్రయత్నించకండి.) దాన్ని బాగా ఉతికి, మా పెద్దమ్మాయి పాత జాకెట్టు కొలతపెట్టి పైభాగం కుట్టాను.

ఇక ఆకులు. నా పచ్చటి నైలాన్ చీరొకటి కోసి చూశాను. నైలాన్ ఆకు అంచుని కొవ్వొత్తి సెగకి చూపిస్తే కరిగి అంటుకుపోతుంది, పోగులు లేవవు. పని సులువే గాని, దీపాల వెలుగులో అవి ప్లాస్టిక్ తోరణంలా మెరిశాయి.

ఇదంతా వారంరోజులుగా చూస్తున్న మా అత్తగారు తన ట్రంకుపెట్టె తెరిచి, చిలకపచ్చ పట్టుచీర తెచ్చి నా ముందు పెట్టారు. ఎర్రంచు, సన్నని జరీ. మామగారు పోయాక ఆవిడ మళ్ళీ దాన్ని కట్టలేదు. ఇంతకాలం కదలకుండా వున్న పట్టు మడత మడతకీ చీలిపోతోంది.

"ఇది వద్దండి, అత్తయ్యగారూ!"

"దాచి ఎవరికోసమే అమ్మాయ్? నేను కట్టుకోను. ఇక ఎలకలు కట్టుకోవాలి."

కత్తెర రెండుసార్లు పట్టుకుని రెండుసార్లూ కింద పెట్టేశాను. మూడోరోజు కాలేజీనుంచి వచ్చేసరికి ఆవిడే చాపమీద కూర్చుని కోస్తున్నారు. చిరుగుల దగ్గర మొదలుపెట్టలేదు. సరాసరి పమిటచెంగులో కత్తెర వేశారు. నావంక చూడకుండా, "మామిడాకు కంటె రావాకు నయం. తోక వుంటుంది" అన్నారు. నేనూ పక్కన కూర్చుని పెరట్లోంచి తెచ్చిన నిజమైన రావాకుని న్యూస్‌పేపరు మీద పెట్టి అచ్చులు గీశాను.

పట్టు కాలుతుందే గాని కరగదు. కనుక ప్రతి ఆకుకీ వెనక మావారి పాత చొక్కా గుడ్డ వేసి అంచు మడిచి కుట్టవలసివచ్చింది. మొత్తం 180 ఆకులు. పాత లంగామీద కిందివరసనుంచి పైకి, ఇంటిమీద పెంకులు పేర్చినట్టు కుట్టాలి. నేను మొదట పైనుంచి మొదలుపెట్టి ఒక ఆదివారమంతా పాడుచేసుకున్నాను.

రిహార్సలునాడు అసలు చిక్కు బయటపడింది. పిల్ల చెయ్యి పైకి లేవలేదు! జాకెట్టు చంకలో పట్టేసింది. వేషమే చెయ్యి, ఆ చెయ్యే లేవకపోతే ఎలా? మొదటి అంకంలో నారచీర బిగుతయిందని శకుంతల చెప్పుకుంటే, చెలికత్తె మేలమాడుతుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అత్తగారు చంకకింద కుట్టు విప్పి, నాలుగంగుళాల చదరపు ముక్క మూలగా వేసి అతికారు. ఆ ముక్క కూడా పంచెలోదే.

తీరా నాటకంలో ప్లైవుడ్ చెట్ల వెనకనుంచి కనపడ్డది రెండు మణికట్లే. మాస్టారు కాళిదాసు మాట జవదాటలేదు! మూడో వరసలో మా అత్తగారు నా మోచేతిని గట్టిగా పట్టుకుని, "ఆ అంచు మనదేనా?" అన్నారు. మనదే. ముంజేతి చుట్టూ ఎర్రంచు వేశాం.

చివర అందరూ ముందుకు వచ్చి నమస్కారం చేసేటప్పుడు పిల్ల చెట్టు చాటునుంచి బయటికి వచ్చింది. నడుముదాకా ఆయన పంచె, కిందికంతా ఆవిడ చీర. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, తెర పడేదాకా అలాగే చూస్తూ వుండిపోయారు.

ఇంటికి వచ్చాక జాకెట్టు విప్పించి నీడన ఆరవేశారు. మిగిలిన గజంన్నర అంచూ మడిచి పెట్టెలో పెట్టుకోబోతూంటే, మనవరాలు చెయ్యి చాపి, "నాయనమ్మా, అది నా జడకి" అన్నది.